సత్యవతి గారు టైర్లలో పోసిన నీళ్ళు

మొన్న పాలకొల్లులో ఒక పెళ్ళి చూసుకుని రాజమండ్రి తిరిగి వస్తుంటే దారిలో మా కారు టైరు పంక్చరైంది. రోడ్డు పక్క షాపులో మాకన్నా ముందు ఒక ట్రాక్టరు ఆగి ఉంది. షాపతను వంగి దాని వెనక చక్రం వాల్వులోంచి పిన్ను తీశాడో లేదో, గాలికి బదులు నల్లటి నీళ్ళు చివ్వున చిమ్మి అతని చొక్కా తడిపేశాయి. మురిగిన నీళ్ళ వాసన, దాంతో కలిసిన రబ్బరు వాసన, తుప్పు వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలాయి. "టైరులో నీళ్ళేంటండీ బాబూ, గాలి కదా ఉండాలి!" అని మా కారు డ్రైవరు నవ్వాడు. "బరువు కోసం పోస్తారండి, బురదలో జారకుండా," అన్నాడు షాపతను. అందరికీ అది వింత. నేను మాత్రం గబగబా వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ వాసనకి నా అరచేతులు చల్లబడిపోయాయి.

తొంభైల చివర నేను కొత్తగా ఏఎన్ఎం ఉద్యోగంలో చేరాను. మాది పెద్దాపురం. నన్ను వేసింది పాలకొల్లుకి అవతల, కాలవ గట్టు మీద ఉన్న ఒక చిన్న ఊళ్ళో. ఒంటరి ఆడపిల్లకి గది ఎవరిస్తారా అని వెతుకుతుంటే, "సత్యవతి గారింటికెళ్ళండి, ఆవిడా ఒక్కతే," అన్నారు. వెళ్ళేసరికి ఇంట్లో ఎవరూ లేరు. కాసేపటికి వీధి చివర ట్రాక్టరు చప్పుడైంది. దాని మీద నలభై అయిదేళ్ళ ఆవిడ. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పైన మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. ఆడమనిషి ట్రాక్టరు నడపడం నేను అదే మొదటిసారి చూడటం. నోరు తెరుచుకుని నిలబడితే, ఇంజను ఆపి, "గది కోసమా? తాళం గూట్లో ఉంది, చూసుకో అమ్మాయ్. నాకు కాళ్ళు కడుక్కునే పనుంది," అంది. అంతే, ఆ ఇంట్లో నా కాపురం మొదలైంది. ఆవిడని పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

ఆ చొక్కా వాళ్ళాయనదని తరవాత తెలిసింది. కామెర్లతో పోయారట. ఆయన పోయాక పొలం కౌలుకి ఇచ్చేసి ఇంట్లో కూర్చోమని మరిది గోపాలం గారు, ఊళ్ళో పెద్దలు ఎంత చెప్పినా వినలేదు. జీతానికి ఉన్న డ్రైవరు దగ్గరే ట్రాక్టరు నేర్చుకుంది. అతను మానేశాక ఇంకొకణ్ణి పెట్టుకోలేదు. "మనిషి పోయాడు కానీ పొలం పోలేదు కదమ్మా," అని ఒకసారి నాతో అంది. తన దుఃఖం గురించి ఆవిడ నోట నేను విన్న మాట అదొక్కటే. మాటలు తక్కువ, కసుర్లు ఎక్కువ. నేను టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని ఎండలో తిరిగొస్తే, "గొడుగు కొనుక్కోడానికేం రోగం?" అని కసిరి, మజ్జిగ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి వెళ్ళిపోయేది.

ఆవిడ పొలం మురుగు కోడు పక్కన, పల్లంలో ఉండేది. తొలి పంట సార్వాకి దుక్కులప్పుడు వానపడితే ఆ నల్లమట్టిలో ట్రాక్టరు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి గుంటలు తవ్వేవి. ఒక సాయంత్రం ఒళ్ళంతా బురదతో వచ్చి, "వెనక బరువు చాలట్లేదు. టైర్లలో నీళ్ళు పోసేస్తాను," అంది. నేను వేళాకోళం అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే చూస్తే నిజంగానే జాకీ పెట్టి వెనక చక్రం నేల మీంచి లేపుతోంది. ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్క దుంగలు అడ్డం పెట్టింది. అరుగు మీద బల్లేసి, దాని మీద నీలం డ్రమ్ము ఎక్కించింది. పక్కనే బోరు ఉన్నా, కావిడితో కాలవ నీళ్ళు తెప్పించింది. అదేంటండీ అంటే, "మన బోరు ఉప్పన కదా, ఇనుము తినేస్తుంది. రిమ్ము తుప్పు పట్టి ఊడుద్ది," అంది.

చక్రాన్ని చేత్తో తిప్పి వాల్వు పైకి వచ్చేలా నిలిపింది. లోపలి పిన్ను తీయగానే గాలి బుస్సుమంది. ఆ బుస ఆగాక డ్రమ్ములోంచి వచ్చే గొట్టం దానికి తొడిగి, "గట్టిగా పట్టుకో నర్సమ్మా," అని నా చేతికి ఇచ్చింది. కాసేపు నీళ్ళు పోనివ్వడం, లోపలి గాలి అడ్డం పడగానే గొట్టం తీసి ఆ గాలి వదలడం, మళ్ళీ తొడగడం. పొద్దంతా అదే పని. "నీ పేషెంట్లకి నువ్వు సెలైను ఎక్కిస్తావు కదా. నా పేషెంటు ఇది," అని ఆ రోజు నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం నాకు అరుదు. నీళ్ళు వాల్వు దాకా వచ్చి పైకి పొంగితే, "చాలు, పైన కొంచెం గాలికి చోటుండాలి," అని పిన్ను బిగించి గాలి కొట్టింది. రెండో చక్రానికీ అంతే. మర్నాడు పొలం నుంచి వచ్చినప్పుడు ఆవిడ మొహం వెలిగిపోతోంది. "ఏనుగులా నడిచిందే!" అంది. చూడబోతే ఆ చక్రాలు మామూలు చక్రాల్లాగే ఉన్నాయి. ఆ నల్లటి రబ్బరు వెనక ఎన్నో బిందెల నీళ్ళున్నాయని ఎవరూ కనిపెట్టలేరు.

తరవాత కొన్నాళ్ళకి, నారు ఎదిగి అందరూ నాట్ల కోసం చేలో నీళ్ళు పెట్టి బురద దున్నే దమ్ములు మొదలెట్టినప్పుడు జరిగింది అది. అబ్బులు అని మా వీధిలోనే ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళవాడు, కౌలు రైతు, మంచి పనివాడు. ఏటా ఒక రోజు సత్యవతి గారి ట్రాక్టరు అడిగి తీసుకెళ్ళి తన చేను దమ్ము చేసుకునేవాడు. బురద తొక్కడానికి వేసే ఇనప చక్రాలు ఆవిడవైతే టైరు పక్కన బిగించేవి, టైరు విప్పే అవసరం లేదు. అబ్బులువి పాతరకం. టైర్లు పూర్తిగా విప్పేసి వాటి స్థానంలో పెట్టాలి. అంతకు ముందు ఏడు అదే ట్రాక్టరుకి అవే టైర్లు తన చేత్తో విప్పి, దొర్లించి గట్టుకి చేరేసినవాడు. ఆ బరువు అతని చేతులకి తెలుసు. తెలుసనే అనుకున్నాడు.

నేను పక్క ఊళ్ళో పిల్లలకి పోలియో చుక్కలు వేస్తున్నాను. "నర్సమ్మగారూ, అబ్బులు మీద చక్రం పడిపోయిందండీ!" అంటూ ఒకతను సైకిలు మీద వచ్చాడు. ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. చేలో నలుగురు మగాళ్ళు గునపాలు, వెదుళ్ళు పెట్టి చక్రాన్ని ఒక పక్కకి లేపుతున్నారు. కింద అబ్బులు ఎడమ కాలు మోకాలి దాకా నలిగిపోయి ఉంది. అన్నం క్యారేజీ తెచ్చిన అతని భార్య మంగ, గట్టు మీద మెతుకుల మధ్య కూర్చుని అరవడం కూడా మర్చిపోయి చూస్తోంది. "ఇదేం బరువండీ బాబూ, ఎవరో కిందకి లాగుతున్నట్టుంది!" అన్నాడు గునపం పట్టిన ఒకతను.  ఆ బరువేంటో అక్కడ తెలిసింది నాకొక్కదానికే. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. వెదురు బద్దలు పెట్టి కాలు కట్టాను, తువ్వాలుతో రక్తం ఆపాను, వ్యానులో పడుకోబెట్టించాను. అబ్బులు స్పృహలోనే ఉన్నాడు. తన రెండు చేతులూ మొహం ముందు పెట్టుకుని వాటినే చూసుకుంటూ, "జారిపోయిందండి, పట్టు జారిపోయిందండి," అని అదే మాట అంటున్నాడు.

పాలకొల్లులో ఎముకల డాక్టరు చూసి, కాలికి రక్తం అందడం లేదని, మోకాలి కింద తీసెయ్యాలని, లేకపోతే ప్రాణానికే ముప్పని చెప్పాడు. మంగ కూలబడిపోయింది. వరండా నిండా ఊరి జనం. కాసేపటికే, అలాంటి చోట ఎప్పుడూ మొదలయ్యే మాటలు మొదలయ్యాయి. "ఒక్కడే విప్పమని ఎవడు చెప్పాడు?" అన్నారొకరు. "రాత్రి తాగుంటాడు, ఒళ్ళు స్వాధీనంలో ఉండి ఉండదు," అన్నారు ఇంకొకరు. గోపాలం గారు కూడా తల ఊపి, "తొందర మనిషండి, ఎప్పుడూ అంతే," అన్నారు. అబ్బులు తాగడని అక్కడ చాలామందికి తెలుసు. అయినా ఎవరూ ఏమీ అనలేదు. సరిగ్గా అప్పుడే సత్యవతి గారు వచ్చింది. దారిలో చేను దగ్గర దిగి చూసుకుని వచ్చినట్టుంది, పాదాలకి బురద ఇంకా ఆరలేదు. ఎవరినీ పలకరించలేదు. తిన్నగా మంగ ముందుకెళ్ళి నిలబడింది.

"మంగా, అబ్బులు తప్పేం లేదు. ఆ టైర్లలో నేను నీళ్ళు పోశాను. పొద్దున్న తాళం ఇచ్చేటప్పుడు బ్రేకు లాగుతుందని చెప్పాను, డీజిలు చూసుకోమన్నాను. ఇది చెప్పలేదు. చెప్పకుండా ఇచ్చాను."

 "వదినా, నువ్వూరుకో!" అంటూ గోపాలం గారు ఆవిడ చెయ్యి పట్టుకుని లాగారు. "నీకు మతి పోయిందా? కేసవుద్ది. పద ఇంటికి." ఆవిడ చెయ్యి విడిపించుకుంది. మంగ మెల్లగా లేచి నిలబడి, అందరూ చూస్తుండగా ఆవిడ చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మగాళ్ళు పరిగెత్తుకొచ్చి మంగ చేతులు పట్టుకున్నారు. "వదిలెయ్యండి ఆ పిల్లని," అంది సత్యవతి గారు. తల వంచుకోలేదు, ఏడవలేదు, క్షమించమని అడగలేదు. ఆపరేషను అయ్యేదాకా అదే వరండాలో, అందరి చూపుల మధ్య, ఒక స్తంభం పక్కన నిలబడే ఉంది. నేను అప్పటిదాకా చాలా చూశానని అనుకునేదాన్ని. పురుళ్ళు చూశాను, చావులు చూశాను. కానీ ఒక మనిషి తనని ఎవరూ అడగకముందే, నాకు తప్ప ఎవరికీ తెలియని తప్పుని తెచ్చి నలుగురి మధ్య పెట్టడం చూడలేదు. 

మర్నాడు పొద్దున్న ఇద్దరం టీ తాగకుండా గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. ఆవిడ చెంప కమిలి ఉంది. ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు చెప్పారు పిన్నిగారూ? మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు కదండీ."

"అబ్బులుకి తెలీదు," అంది. "రేపు వాడు కళ్ళు తెరుస్తాడు. నా చేతుల్లో సత్తువ పోయింది, నేనే పట్టు వదిలేశాను అనుకుంటాడు. చచ్చేదాకా అలాగే అనుకుంటాడు. కాలు ఎలాగూ పోయింది. వాడి చేతుల మీద వాడికున్న నమ్మకం కూడా నేనే తీసెయ్యనా?"

అని లేచి, చొక్కా తొడుక్కుని బయటికి నడిచింది. ఎక్కడికండీ అంటే, "నారు ముదిరిపోతోంది. వాడి చేను సగంలో ఉంది," అంది. నేను కూడా వెళ్ళాను. ట్రాక్టరు నిన్నటి చోటే ఒక పక్కకి వాలి ఉంది. ఇంకో చక్రం ఇంకా విప్పలేదు. దాని వాల్వు కింద వైపుకి ఉంది. పిన్ను తీసేసరికి నీళ్ళు చిమ్ముకుంటూ పక్కనున్న బోదె కాలవలోకి పారడం మొదలెట్టాయి. చుట్టుపక్కల చేలల్లో వాళ్ళంతా గట్టు మీదకి చేరి, ఇంత చక్రంలోంచి అన్ని నీళ్ళేంటని విస్తుపోయి చూశారు. పడిపోయిన చక్రం దగ్గరికి వెళ్ళేసరికి మాత్రం ఆవిడ చేతిలో స్పానరు జారిపోయింది. మట్టిలో ఎండిపోయిన రక్తం ఇంకా అక్కడే ఉంది. గట్టు మీద కూలబడి వాంతి చేసుకుంది. నేను వీపు నిమరబోతే నా చెయ్యి తోసేసింది. బోదెలో మొహం కడుక్కుని మళ్ళీ లేచింది. నలుగురు సాయం పట్టగా ఇనప చక్రాలు బిగించుకుని, ఆ చేను దమ్ము పూర్తి చేసేదాకా ట్రాక్టరు దిగలేదు. మంగ తరఫువాళ్ళెవరో గట్టు మీద నిలబడి చూశారు. ఆపలేదు, పలకరించనూ లేదు. ఆ ఏడే కాదు, తరవాత నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అబ్బులు చేను దున్నిందీ దమ్ము చేసిందీ ఆవిడే.

అబ్బులు ఇంటికొచ్చాక కట్టు మార్చడానికి నేను వెళ్తుండేదాన్ని. ఒకరోజు నా వెనకే సత్యవతి గారు కూడా వచ్చింది. గుమ్మంలో ఆవిణ్ణి చూడగానే మంగ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. అబ్బులు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చుంది. చివరికి అతనే, "ఎన్ని నీళ్ళు పడతాయండి అందులో?" అని అడిగాడు. ఆవిడ చెప్పింది. అతను కళ్ళు మూసుకుని లోపల ఏదో తూకం వేసుకున్నట్టు ఊరుకుని, "అదండీ సంగతి," అన్నాడు.  "ఆస్పత్రిలో మంగ మిమ్మల్ని తిడుతూ చెప్పేదాకా నా చేతులకేసే చూసుకునేవాణ్ణండి, ఇవి నావేనా అని. మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను అక్కగారూ. ఉందండి. ఎప్పటికి పోతుందో తెలీదు. కానీ నా మీద నాకు లేదు."

ఆవిడ తల ఊపి లేచి వచ్చేసింది.  ఇంటికొచ్చి అన్నం వండి, నాకు పెట్టి, తనూ తిని, పట్టపగలు చాప వేసుకుని పొద్దు వాలేదాకా నిద్రపోయింది. ఆవిడ పగలు పడుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఊరు మళ్ళీ నివ్వెరపోయింది రెండో పంట దాళ్వా ముందు. సత్యవతి గారు తిరిగి డ్రమ్ము అరుగెక్కించి టైర్లలో నీళ్ళు పోయడం మొదలెట్టింది. గోపాలం గారు వీధిలో నిలబడి అరిచారు. ఇంత జరిగాక కూడా బుద్ధి రాలేదా, ఆ ట్రాక్టరు అమ్మి పారెయ్యమన్నారు. "నీళ్ళేం చేశాయి మరిదీ?" అంది ఆవిడ, గొట్టం వదలకుండా.  నిజం చెప్పాలంటే, గొట్టం పట్టుకోమంటే నేనూ చెయ్యి చాచలేకపోయాను. అప్పుడు కర్రల మీద అబ్బులు వచ్చాడు. స్టూలు తెప్పించుకుని చక్రం ఎదురుగా కూర్చున్నాడు. ఎర్ర రంగు డబ్బా, కుంచె అడిగాడు. సత్యవతి గారు మడ్ గార్డు చూపిస్తే, "అక్కడెవడు చూస్తాడండీ? విప్పేవాడి కళ్ళు బోల్టుల మీదుంటాయి," అని, రిమ్ము మీద బోల్టుల చుట్టూ గుండ్రంగా, పెద్ద పెద్ద అక్షరాలతో, 'లోపల నీళ్ళున్నాయి' అని రాశాడు. రెండో చక్రానికీ రాశాడు. అతని చెయ్యి ఎక్కడా తొణకలేదు. సత్యవతి గారు ఆ అక్షరాల్ని కాదు, ఆ చేతినే చూస్తూ నిలబడింది.

మంగ మాత్రం ఆవిడతో మళ్ళీ మాట్లాడలేదు. వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకునేది. ఒకసారి నేను, "ఇంకా ఎన్నాళ్ళండీ ఇలా?" అంటే, "అది ఆ పిల్ల ఇష్టం. మనం చెప్పింది మాట్లాడించుకోడానికి కాదు కదా," అంది. తరవాత నేను పెళ్ళయి రాజమండ్రి వచ్చేశాను. అప్పుడప్పుడు ఉత్తరం రాస్తే, నీ నర్సు పని ఎలా ఉంది, గొడుగు కొన్నావా అని రెండు ముక్కలు జవాబొచ్చేది. ఆవిడ పోయిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గుండెపోటట, చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ. పాడె వెనక నడిచినవాళ్ళలో కర్రల మీద అబ్బులు కూడా ఉన్నాడని, మంగ గుమ్మం దాకా వచ్చి నిలబడిందని చెప్పారు.

నేనిప్పుడు ఒక ఆస్పత్రిలో వార్డు చూస్తున్నాను. డ్యూటీ మారేటప్పుడు నేను పేషెంట్లని అప్పగించడానికి చాలాసేపు పడుతుందని కొత్తగా వచ్చిన అమ్మాయిలు విసుక్కుంటారు. బీపీ, జ్వరం, మందులు ఎలాగూ చార్టులో కనపడతాయి. కనపడనిదేముందో అది నోటితో చెప్పనిదే నేను మంచం దాటను. అయినా అన్నిచోట్లా నేను ఉండను కదా. ఈ మధ్య పక్షవాతంతో ఒక పెద్దాయన చేరారు. మింగడం కుదరని మనిషికి నోటి ద్వారా ఏమీ పెట్టకూడదు. ఆ సంగతి కూతురికి ఎవరూ చెప్పలేదు. నాన్న ఆకలితో ఉన్నాడని ఆ పిల్ల ఇడ్లీ ముక్క పెట్టింది. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయన్ని ఐసీయూలోకి మార్చాల్సి వచ్చింది. ఆయన తరవాత కోలుకున్నారు. కానీ మొదటి మూడు రోజులూ బంధువులంతా, "చదువుకున్న పిల్లవి, ఆమాత్రం తెలీదా?" అని ఆ పిల్లనే అన్నారు. ఆ పిల్ల బెంచీ మీద ముడుచుకుని కూర్చునేది. మూడో రోజు డ్యూటీకి వచ్చి సంగతి తెలుసుకున్నాక నేను వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. మా వాళ్ళు కొందరు వెనకనుంచి వద్దని సైగ చేస్తూనే ఉన్నారు.

"పెట్టకూడదని మా వార్డులో వాళ్ళు నీకు చెప్పాలి. చెప్పలేదమ్మా. నీ తప్పు లేదు," అన్నాను.

ఆ పిల్ల తలెత్తి చూసింది. తరవాత లేచి, వార్డంతా వినపడేలా నన్ను నానా మాటలూ అంది. నన్ను, ఆస్పత్రిని, మా యూనిఫాముల్ని. నేను కదలకుండా నిలబడి అన్నీ విన్నాను. అన్నీ అయిపోయాక, రొప్పుతూ బెంచీ మీద కూర్చుని, వాళ్ళ పిన్ని తెచ్చిన క్యారేజీ తీసి, ఆ మూడు రోజుల్లో మొదటిసారి అన్నం కలుపుకుని తింది.